ఫిబ్రవరిలో మూడు మెట్లు, జూన్‌లో రెండు: ఒక టీచర్ దంపతుల జీతాల కేసు

ఫిబ్రవరి వచ్చిందంటే నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. టీచర్లు ఇన్‌కం ట్యాక్స్ లెక్కలు వేసి హెచ్‌ఎం గారికి ఇవ్వాల్సిన నెల అది. ఏడాది పొడవునా జీతం పడిందా లేదా అని మాత్రమే చూసుకునేవాళ్లు, ఆ నెలలో బేసిక్ ఎంత, డీఏ ఎంత అని కాగితం మీద వేలు పెట్టి చూస్తారు. అప్పుడే ఎవరికో ఒకరికి అనుమానం వస్తుంది.

నేను విద్యాశాఖ కార్యాలయాల్లో ఎస్టాబ్లిష్‌మెంట్ సీట్లలో పని చేసి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. ఒంగోల్లో ఉంటాను. సర్వీస్ వ్యవహారాల్లో చిక్కులొచ్చిన టీచర్లకు కాగితాలు చూసి పెడుతుంటాను. ఈ కేసు ఉమ్మడి ప్రకాశం జిల్లాలోది. పేర్లు, ఊళ్లు, బడులు రాయడం లేదు. ఏ డీఎస్సీయో కూడా చెప్పను, చెబితే మా జిల్లాలో సాయంత్రానికల్లా ఎవరో పోల్చేస్తారు. సంవత్సరాలను కొద్దిగా జరిపాను. అంకెల మధ్య దూరం మాత్రం జరపలేదు.

వచ్చింది భార్యాభర్తలిద్దరూ. ఒకే డీఎస్సీ, ఒకే నెలలో ఎస్‌జీటీలుగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్లుగా చేరారు. ఇప్పుడు ఇద్దరూ దాని పై పోస్టులో, స్కూల్ అసిస్టెంట్లు. రెండు ట్యాక్స్ కాగితాలు నా టేబుల్ మీద పక్కపక్కన పెట్టారు. ఆయన బేసిక్ 70,850. ఆమెది 65,360. అంటే మూడు ఇంక్రిమెంట్లు, మా మాటలో మూడు మెట్లు తక్కువ.

"మెరిట్ లిస్టులో నా పేరే పైన మేడమ్. ఏంది ఇది?" అన్నారామె. మాస్టారు ఏమీ మాట్లాడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

ముందు కొంచెం నేపథ్యం

ప్రభుత్వ ఉద్యోగంలో ఆడవాళ్లకు, మగవాళ్లకు జీతం తేడా ఏమిటని అందరూ అడుగుతారు. నిజమే, స్కేల్లో తేడా లేదు. 2022 పీఆర్‌సీలో, అంటే వేతన సవరణలో, ఎస్‌జీటీ స్కేలు 32,670 నుంచి 1,01,970, స్కూల్ అసిస్టెంట్‌ది 44,570 నుంచి 1,27,480. ఆ జీవోలో ఆడ, మగ అన్న మాటే లేదు. డైరెక్ట్ రిక్రూట్‌మెంట్‌లో మూడో వంతు పోస్టులు మహిళలకు రిజర్వు కూడా. లోపలికి రావడం దగ్గర ఇబ్బంది లేదు. లోపలికొచ్చాక ఏమవుతుందన్నదే ఈ కేసు.

సర్వీసు మధ్యలో ఉన్న టీచరు బేసిక్ మూడు దారుల్లో పెరుగుతుంది. ఒకటి, ఏటా వచ్చే ఇంక్రిమెంట్. రెండు, ఒకే పోస్టులో ప్రమోషన్ లేకుండా 6, 12, 18 ఏళ్లు, ఇలా ఆరేసి ఏళ్లు పనిచేస్తూ పోతే వచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేళ్లు. మేం ఏఏఎస్ అంటాం. మూడు, ప్రమోషన్, దాంతో పాటు ఎఫ్ఆర్ (ఫండమెంటల్ రూల్స్) 22బి కింద కొత్త పోస్టు స్కేల్లో బేసిక్ నిర్ణయించే ఫిక్సేషన్. మూడింటికీ ఆధారం తేదీలే. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా డ్యూటీలో ఉన్నారు, ఏ సెలవు ఏ పేరుతో రాశారు, ఏ పరీక్ష ఎప్పుడు పాసయ్యారు. ఇవన్నీ సర్వీస్ రిజిస్టర్‌లో, అంటే ఎస్‌ఆర్‌లో ఉంటాయి. తేడా ఉంటే అక్కడే దొరకాలి.

మాస్టారికి మాత్రం కోర్టుకు వెళ్లాలని ఉంది. ఎవరో లాయరు గారు సమాన పనికి సమాన వేతనం అని చెప్పారట. నేను వద్దన్నాను. రాజ్యాంగం 39(డి) అధికరణ ఉంది, 1976 నాటి సమాన వేతన చట్టం, దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్ ఉన్నాయి, 1982లో రణధీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటా ఉంది. కానీ అవన్నీ అడిగే ప్రశ్న ఒక్కటే: ఒకే పనికి ఒకే రేటు ఇస్తున్నారా? ఇక్కడ రేటు ఒకటే. "మేం ఇద్దరికీ ఒకే రూలు వర్తింపజేశాం" అని శాఖ రెండు వాక్యాల్లో కౌంటర్ వేస్తుంది. పైగా ట్రిబ్యునల్ రద్దయ్యాక సర్వీసు కేసులన్నీ హైకోర్టుకే వెళ్తున్నాయి. ఆ వరుసలో నిలబడే ముందు ఎస్‌ఆర్‌లో ఏముందో చూద్దామన్నాను.

అంతకు ముందే ఆమె ఒక ప్రయత్నం చేసి ఉన్నారు. సీనియర్‌నైన నాకు జూనియర్ కంటే తక్కువ జీతం వస్తోంది, స్టెప్పింగ్ అప్ (అంటే జూనియర్ జీతంతో సమానం చేయడం) ఇవ్వండి అని అర్జీ. తిరస్కరించారు. తిరస్కరించడం సబబే. ఎస్‌జీటీ సీనియారిటీలో ఆమె పైన ఉన్నా, స్కూల్ అసిస్టెంట్‌గా ఆయన నాలుగేళ్లు ముందు వెళ్లారు. ఆ క్యాడర్‌లో ఆయనే సీనియర్. అదీగాక స్టెప్పింగ్ అప్ ఇచ్చేది రూలు అమలు చేయడం వల్లనే తేడా వచ్చినప్పుడు. సెలవు వల్లో, పరీక్ష వల్లో వచ్చిన తేడాకు ఇవ్వరు. ఎవరో మంచి ఉద్దేశంతోనే రాసిచ్చారు గానీ, తేడా ఎక్కడ పుట్టిందో చూడకుండా రాసిన అర్జీ అది. ఆ తిరస్కరణ కాగితం ఆమె ఫైల్లో చేరడం వల్ల తర్వాత నాకు కొంత అడ్డం కూడా వచ్చింది.

ఎస్‌ఆర్ తెరిచాక

ఎస్‌ఆర్‌లు రెండూ తెప్పించుకోవడానికి వారం పట్టింది. ప్రతి ఉద్యోగికి ఏడాదికోసారి ఎస్‌ఆర్ చూపించి సంతకం తీసుకోవాలని రూలు. ఆమె సంతకాలు వరుసగా ఉన్నాయి. చూసి పెట్టారా అని అడిగితే నవ్వారు. "అటెండరు తెచ్చి ఇక్కడ పెట్టండి మేడమ్ అంటే పెట్టాను."

ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో గీత గీసి, ఎడమ వైపు ఆయన తేదీలు, కుడి వైపు ఆమె తేదీలు రాసుకుంటూ పోయాను. ఇలాంటి కేసులో నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే. బేసిక్‌లు పోల్చితే కోపం వస్తుంది. తేదీలు పోల్చితే కారణం కనిపిస్తుంది.

చేరిన నెల డిసెంబరు. మొదటి నాలుగైదు ఏళ్లు రెండు వైపులా ఒకటే. తర్వాత ఆమె వైపు ఒక పేజీలో ఎర్ర సిరాతో నాలుగు లైన్లు. ప్రసూతి సెలవు 120 రోజులు. దాని వెంటనే ఈవోఎల్, అంటే జీతం లేని సెలవు, ఐదు నెలలు. పక్కన ఒక పొడి సంతకం.

రెండో బాబు నెలలు నిండకుండా పుట్టాడు. ఊపిరితిత్తుల సమస్య. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో కొన్నాళ్లు, ఇంట్లో మిగిలిన కాలం. ఆ రోజుల్లో ప్రసూతి సెలవు 120 రోజులే. 180 చేసింది 2010లో. పిల్లల సంరక్షణ సెలవు అన్నదే లేదు. అది 2016లో 60 రోజులతో మొదలై, 2022లో 180 అయింది. ఆ బాబు కొన్నేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే ఈ ఎర్ర సిరా అవసరం ఉండేది కాదు.

జీతం పోయిందంటే ఆ ఐదు నెలలదే పోయిందని ఆమె ఇన్నాళ్లూ అనుకున్నారు. ఈవోఎల్ ఇంక్రిమెంట్‌కు లెక్కకు రాదు. అందుకని ఆమె ఇంక్రిమెంట్ డిసెంబరు నుంచి మే నెలకు జరిగింది. ఒక్క ఏడాదికి కాదు, సర్వీసంతా. ప్రమోషన్ వచ్చినప్పుడు ఇద్దరూ పాత ఇంక్రిమెంట్ తేదీకే ఆప్షన్ ఇచ్చారు కాబట్టి ఆ నెలలు మారలేదు. అంటే ఏటా డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆయన ఒక మెట్టు పైన ఉంటారు, మే నుంచి నవంబరు దాకా ఆ మెట్టు సర్దుకుంటుంది. వాళ్లు ఫిబ్రవరిలో వచ్చారు కాబట్టి మూడు మెట్లు కనిపించాయి. జూన్‌లో వచ్చి ఉంటే రెండే కనిపించేవి. జీతాల తేడా ఎంత అని అడిగేవాళ్లు ఏ నెలలో అడుగుతున్నారో కూడా చెప్పాలన్న సంగతి నాకూ ఈ కేసులోనే తట్టింది.

అంతకంటే బాధ కలిగించింది పక్క పేజీ. సెలవుల ఖాతా. ఆ తేదీ నాటికి ఆమె ఖాతాలో అర్ధజీతపు సెలవు సుమారు 90 రోజులు నిలువ ఉంది. ఏడాదికి 20 రోజుల చొప్పున చేరేది. అర్ధజీతపు సెలవు ఇంక్రిమెంట్‌కు లెక్కకు వస్తుంది. వేరే సెలవు ఏదీ లేనప్పుడు గానీ, ఉద్యోగి తానుగా రాతపూర్వకంగా కోరినప్పుడు గానీ ఈవోఎల్ ఇవ్వాలి. ఆమె అర్జీలో "సెలవు మంజూరు చేయ ప్రార్థన" అని మాత్రమే ఉంది. ఏ సెలవో రాయలేదు. సీట్లో ఉన్నాయన ఈవోఎల్ అని రాసేశారు. ముందు ఆ 90 రోజులు వాడి ఉంటే ఈవోఎల్ రెండు నెలలకు తగ్గేది, ఇంక్రిమెంట్ ఫిబ్రవరిలో పడేది.

ఆ ఎంట్రీ నా చేతిది కాదు. అయితే అలాంటివి నేనూ రాశాను. సీట్లో కూర్చుని రోజుకు ఇరవై అర్జీలు చూస్తున్నప్పుడు, సెలవుల ఖాతా తీసి లెక్కపెట్టడం కంటే ఈవోఎల్ అని రాయడం సులువు. ఎవరూ ఆడిట్‌లో పట్టుకోరు, ఎందుకంటే ప్రభుత్వానికి నష్టం లేదు. ఆడిట్ ఎక్కువ ఇచ్చినదాన్ని పట్టుకుంటుంది గానీ తక్కువ ఇచ్చినదాన్ని పట్టుకోదు.

ఇక రెండో మలుపు 2012. ఇద్దరి పేర్లూ ప్రమోషన్ లిస్టులో వచ్చాయి. ఖాళీలన్నీ పడమటి మండలాల్లో. ఆయన యర్రగొండపాలెం వైపు ఒక ఊరు కోరుకుని వెళ్లారు. ఒంగోలు నుంచి బస్సులో మూడు గంటలకు పైనే. అక్కడ గది తీసుకుని సోమవారం పొద్దున్నే వెళ్లి శనివారం రాత్రికి వచ్చేవారు. పిల్లలు చిన్నవాళ్లు, అత్తగారికి మోకాళ్లు. ఇద్దరూ పోతే ఇల్లు ఎవరు చూస్తారు? ఆమె ప్రమోషన్ వద్దని రాసిచ్చారు.

దీన్ని తప్పు పట్టలేను. ఆ ఇంటికి అది సరైన నిర్ణయమే. ఆయన ప్రమోషన్ డబ్బుతోనే పిల్లల ఫీజులు కట్టారు. కాకపోతే ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయం రిజిస్టర్‌లో ఒక్కరి పేరు మీదే ఎక్కింది. ప్రమోషన్ వదులుకున్నవారికి ఆ పోస్టులో తర్వాతి ఏఏఎస్ స్కేలు రాదు. ఎస్‌జీటీగా 12 ఏళ్ల స్కేలు ఆమెకు ఇవ్వలేదు. 2016లో మళ్లీ ప్రమోషన్ వచ్చినప్పుడు తీసుకున్నారు. 12 ఏళ్ల స్కేలు తీసుకోలేదు కాబట్టి 22బి ఫిక్సేషన్ దొరికింది, ఆ నష్టం అక్కడికి చాలావరకు సర్దుకుంది. మధ్యలో ఏడాది పైన పోయిన డబ్బు పోయినట్టే.

ఆ నాలుగేళ్ల ఎడం మాత్రం ముందుకు నడుస్తూనే ఉంది. ఆయన 2012లో స్కూల్ అసిస్టెంట్ కాబట్టి ఆరేళ్ల స్కేలు 2018లో, పన్నెండేళ్లది 2024లో. ఆ పన్నెండేళ్ల స్కేలుకు హెడ్‌మాస్టర్ పోస్టుకు కావాల్సిన డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసవ్వాలి. గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్ట్ రెండు పేపర్లు (కోడ్ నంబర్లు 88, 97), తర్వాత 141 కోడ్ పేపరు. ఏపీపీఎస్సీ పెట్టే ఈ పరీక్షలను ఆయన పడమటి ఊళ్లో గదిలో కూర్చుని సాయంత్రాలు చదువుకుని రాశారు. ఆ సాయంత్రాలు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు. ఆమె రెండు సార్లు ఫీజు కట్టి, రెండు సార్లూ పరీక్షకు వెళ్లలేదు.

ఇంతవరకు రెండు మెట్లు తేలాయి. ఒకటి ఇంక్రిమెంట్ నెల, రెండోది ఆయన పన్నెండేళ్ల స్కేలు. మూడోది ఎక్కడ? తేదీల కాగితంలో కుడి వైపు 2016 కింద ఆరేళ్లు లెక్కపెట్టి 2022 అని రాసి, ఎస్‌ఆర్‌లో ఆ పేజీకి వెళ్లాను. ఏమీ లేదు.

స్కూల్ అసిస్టెంట్‌గా ఆరేళ్ల స్కేలు 2022 జూలైలో రావాలి. ఎవరూ పెట్టలేదు. 2023 బదిలీల్లో ఆమె బడి మారింది, ఎస్‌ఆర్ ఒక హెచ్‌ఎం నుంచి ఇంకో హెచ్‌ఎంకి వెళ్లింది. పాతాయన వెళ్లిపోతున్నారు కదా అనుకున్నారు, కొత్తాయన పాత బడిలో చేసే ఉంటారులే అనుకున్నారు. ఆమె అడగలేదు. అడగాలని తెలియదు.

మాస్టారికి తన ఆరేళ్ల స్కేలు గుర్తుంది, నెల తప్పకుండా పెట్టించుకున్నారు. భార్యది ఎందుకు చూడలేదని అడిగాను. కాస్త మొహమాటంగా, "ఆమెకు వస్తూనే ఉంటుందనుకున్నాను మేడమ్" అన్నారు. ఆయన కాలక్షేపం బడి అయ్యాక టీ కొట్టు దగ్గర. ఎవరికి స్కేలు పడింది, ఏ జీవో వచ్చింది, ఏ ఆప్షన్ మంచిది, అన్నీ అక్కడే తెలుస్తాయి. ఆమె నాలుగుంపావు బస్సు పట్టుకోవాలి.

పనికిరానివి

మొదట ఈవోఎల్‌ను అర్ధజీతపు సెలవుగా మార్చమని రాయించాను. న్యాయంగా చూస్తే అదే సూటి దారి. నిలువ ఉన్న సెలవును ఇవ్వకుండా ఈవోఎల్ ఇవ్వడం కార్యాలయం పొరపాటు, సరిదిద్దండి అని. ఇన్నేళ్ల తర్వాత మార్చలేమని తిప్పి పంపారు. సెలవును ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చడం అధికారి విచక్షణే, హక్కు కాదు. నాకు తెలిసే రాయించాను, ఒకవేళ ఒప్పుకుంటారేమో అని. పైగా స్టెప్పింగ్ అప్ తిరస్కరణను కూడా ఆ జవాబులో ఉటంకించారు. ఒకే మనిషి నుంచి ఒకే తేడా మీద రెండో అర్జీ వచ్చేసరికి, సీట్లో ఉన్నవాళ్లకు వేధింపులా కనిపిస్తుంది. ఆ పక్కన కూర్చుని చూశాను కాబట్టి తెలుసు.

రెండోది నా సొంత ఆలోచన, అదీ తిరగబెట్టింది. ఈమెకు జరిగింది ఇంకెందరికో జరిగి ఉంటుందని ఒక ఆదివారం పొద్దున పదింటికి మహిళా టీచర్లను పిలిచాను. నలుగురు వచ్చారు. అందులో ఇద్దరు పదకొండుకల్లా వెళ్లిపోయారు. ఆదివారం పదింటికి ఆడవాళ్లను పిలవడమేమిటని తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను. ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసిన ఆడదాన్ని, నాకే తోచలేదు.

వాట్సాప్ గ్రూపులో ఏఏఎస్ రూల్స్ పీడీఎఫ్ కూడా పెట్టాం. దండాలు, చప్పట్లు బోలెడు వచ్చాయి. ఒక్కరూ తన ఎస్‌ఆర్ చూసుకోలేదు. రూలు తెలియకపోవడం ఒక సమస్య, తన తేదీ తనకు తెలియకపోవడం వేరే సమస్య. పీడీఎఫ్ మొదటిదానికే మందు.

పనికొచ్చినవి

మూడు మెట్లనూ విడదీసి, దేనికదిగా నడిపాం. నేను మొదట్లో చేయకుండా తర్వాత చేసిన ముఖ్యమైన పని ఇదే. కలిపి అడిగినప్పుడు అది "జీతం తేడా" గొడవ. విడదీసి అడిగినప్పుడు ఒకటి మరిచిపోయిన స్కేలు, ఒకటి సెలవు లెక్క, ఒకటి రాయాల్సిన పరీక్ష.

ఆరేళ్ల స్కేలుది అన్నిటికంటే తేలిక. హెచ్‌ఎం గారే డీడీవో, అంటే జీతాల బిల్లులు పెట్టే అధికారి. అర్జీలో భర్త ప్రస్తావన తీసేయించాను, పాత తిరస్కరణ ప్రస్తావన కూడా. ప్రమోషన్ తేదీ, ఆరేళ్లు నిండిన తేదీ, ఆ మధ్య ఈవోఎల్ లేదన్న ధ్రువీకరణ, అంతే. అరపేజీ. హెచ్‌ఎం గారు మంచాయన, చూసి "ఇది ఇన్నాళ్లూ ఎట్టా మిస్సయిందమ్మా" అని అదే వారం ప్రొసీడింగ్స్ ఇచ్చారు. 2022 జూలై నుంచి 2025 ఏప్రిల్ దాకా లెక్క వేస్తే మూలవేతనమే 59,360 రూపాయలు తక్కువ పడింది. మొదటి పది నెలలు 1,700 చొప్పున, తర్వాతి పన్నెండు నెలలు కూడా అంతే, ఆ పైన పన్నెండు నెలలు 1,830 చొప్పున. డీఏ, ఇంటద్దె దీనికి అదనం. ఆమె క్యాలిక్యులేటర్ తీసి ఆ మొత్తం నాలుగు సార్లు వేసి చూసుకున్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాను. వీళ్లు 2004 సెప్టెంబరు కంటే ముందు చేరినవాళ్లు కాబట్టి పాత పెన్షన్. చివరి బేసిక్‌లో సగం. రిటైరయ్యే రోజు ఒక మెట్టు తక్కువుంటే, ఆ సగం మెట్టు బతికినంత కాలం తక్కువే. అది విన్నాకే మాస్టారు కళ్లజోడు పెట్టుకుని కాగితం దగ్గరికి లాక్కున్నారు.

ఈవోఎల్ విషయంలో మార్పిడి దారి మూసుకుపోయింది కాబట్టి ఎఫ్ఆర్ 26 పట్టుకున్నాం. అనారోగ్యం వల్ల గానీ, ఉద్యోగి చేతిలో లేని మరో కారణం వల్ల గానీ తీసుకున్న ఈవోఎల్‌ను ఇంక్రిమెంట్‌కు లెక్కించమని ఆదేశించే అధికారం అందులో ఉంది. ఇక్కడ తేడా చూడండి. మార్పిడి అడిగితే కార్యాలయం తప్పు ఒప్పుకోవాలి. ఎఫ్ఆర్ 26 కింద అడిగితే ఎవరి తప్పూ ఒప్పుకోనక్కర్లేదు, పరిస్థితి చూసి దయచేయమని అడగడమే. ఆఫీసు మనస్తత్వం తెలిసినవాళ్లకు రెండోది ఎందుకు మెరుగో వివరించక్కర్లేదు. కానీ రుజువు కావాలి. పుట్టిన బిడ్డ ఆసుపత్రి కాగితాలు ఇన్నేళ్లు ఎవరు దాస్తారు? ఆమె దాచారు. బీరువాలో పెళ్లి పట్టుచీర మడతలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో డిశ్చార్జి కాగితం, మందుల చీటీలు, బాబు చేతికి కట్టిన ఆసుపత్రి పట్టీ. పట్టీ జత చేయలేదు. మిగతావి చేసి ఫైలు పంపాం.

పరీక్షల సంగతి గతం కాదు, భవిష్యత్తు. ఆమె పన్నెండేళ్ల స్కేలు 2028లో. అప్పటికి టెస్టులు చేతిలో ఉంటే ఆ మెట్టు ఆలస్యం కాకుండా వస్తుంది. లేకపోతే అది కూడా వెనక్కి జరుగుతుంది. ఒక్కరే చదవమంటే కుదరదని ఆ బడిలోనే ముగ్గురు టీచరమ్మలను కలిపాం. ఫీజు కట్టే పని ఒకరు, పుస్తకాలు ఒకరు. మాస్టారు తన పాత నోట్సు తెచ్చి ఇచ్చారు. పరీక్ష రోజుల్లో వంట తనదేనని నా ముందే ఒప్పుకున్నారు. చూడాలి.

ఆదివారం మీటింగ్ పోయాక, హెచ్‌ఎం గారి అనుమతితో బడిలోనే మధ్యాహ్నం భోజన విరామంలో కూర్చున్నాం. నలభై నిమిషాలు. క్యారియర్లు విప్పుకుని తింటూ, ఎవరి ఎస్‌ఆర్ వాళ్ల ముందు. ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో. తర్వాత ఒక్కొక్కరు ఒక తెల్ల కాగితం మీద తమ తేదీలు తామే రాయాలి. చేరిన తేదీ, ఇంక్రిమెంట్ నెల, ఈవోఎల్ ఉంటే ఎన్ని రోజులు, వచ్చే ఏఏఎస్ తేదీ, దానికి కావాల్సిన టెస్టు. నేను రాసిపెట్టలేదు. నేను రాస్తే మళ్లీ నా కాగితమే అవుతుంది. ఏడుగురిలో మరో ఇద్దరికి పెట్టని స్కేళ్లు దొరికాయి. మగ టీచరు ఒకాయన సరదాగా వచ్చి కూర్చుంటే ఆయనకు కూడా ఇంక్రిమెంట్ నెల వెనక్కి జరిగిన సంగతి బయటపడింది. వాళ్లమ్మ పక్షవాతంతో మంచాన పడితే నాలుగు నెలలు ఈవోఎల్ పెట్టారట. ఎర్ర సిరాకు ఆడా మగా తేడా లేదు, ఇంట్లో మంచం పట్టినవాళ్లను ఎవరు చూసుకుంటే వాళ్ల పేజీలోనే పడుతుంది.

ఆ రోజు భోజనం వడ్డించే ఆమె గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. గిన్నెలు తీసుకుపోతూ, "మాకు ఇట్టాంటి పుస్తకం ఉండదా మేడమ్?" అని అడిగింది. ఉండదు. నెలకు మూడు వేల గౌరవ వేతనం, దానికి స్కేలు లేదు, మెట్లు లేవు. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది.

తర్వాత ఏం మార్చుకున్నాను

సెలవు అర్జీ నమూనా ఒకటి తయారు చేసి ఇస్తున్నాను. "సెలవు మంజూరు చేయ ప్రార్థన" అనే వాక్యం తీసేశాను. "నా ఖాతాలో నిలువ ఉన్న పిల్లల సంరక్షణ సెలవు, తర్వాత అర్ధజీతపు సెలవు వాడిన తరువాత మాత్రమే ఈవోఎల్‌గా పరిగణించగలరు" అని ఉంటుంది. క్లర్కు ఈవోఎల్ అని రాయాలంటే ముందు ఖాతా తెరవాలి. అనారోగ్యం అయితే సర్టిఫికెట్ ఆ రోజే జత చేయాలి, ఇరవై ఏళ్ల తర్వాత బీరువాలో వెతకకుండా.

ప్రమోషన్ వద్దని రాసే ముందు నా దగ్గరికి వచ్చినవాళ్లకు తీసుకోమని గానీ, వద్దని గానీ చెప్పను. రెండు వైపులా పదేళ్ల బేసిక్ వేసి చూపిస్తాను. ఒకామె చూసి, భర్తను కూర్చోబెట్టి మాట్లాడి, తనే పడమటికి వెళ్లారు. ఇంకొకామె చూసి కూడా వదులుకున్నారు. రెండోది కూడా నాకు సమ్మతమే, తెలిసి వదులుకున్నారు.

ఇక స్టెప్పింగ్ అప్ అర్జీలు, ఇంకొకరితో పోల్చే అర్జీలు నేను రాయడం మానేశాను. పోలిక మన లెక్క కోసమే. అధికారి ముందు పెట్టాల్సింది మన తేదీ.

ఈ కేసు పూర్తిగా తేలలేదు. ఆరేళ్ల స్కేలు కలిశాక, మే ఇంక్రిమెంట్‌తో ఆమె బేసిక్ 69,020. ఆయనది 70,850. జూన్ జీతంలో ఒక్క మెట్టు తేడా, 1,830 రూపాయలు. డిసెంబరులో ఆయన 72,810కి వెళ్తారు, అప్పుడు మళ్లీ రెండు మెట్లు, మే దాకా. ఎఫ్ఆర్ 26 ఫైలు పై అధికారుల దగ్గర ఉంది. బకాయి బిల్లు పెట్టారు, డబ్బు ఇంకా పడలేదు. నవంబరు సెషన్ డిపార్ట్‌మెంటల్ టెస్టులకు ముగ్గురూ ఫీజు కట్టామని ఫోన్ చేశారు. ఆ వారమంతా మాస్టారి చేతి పప్పే తినాలని నవ్వుతూ చెప్పారు.